రెండు పైపులు, ఒక మైనపు గుళిక

కారు హీటరుకు సొంతంగా నిప్పంటూ లేదు. కాలే తీగ గానీ, మండే గ్యాసు గానీ అందులో ఉండవు. ఇంజను ఎలాగూ బయట పారేయబోయే వేడిలోంచి కొంత తీసుకుని లోపలికి మళ్లిస్తుంది, అంతే. పెట్రోలు ఇంజనులో కాలిన ఇంధనం ఇచ్చే శక్తిలో సుమారు మూడో వంతు, తరచు అంతకన్నా తక్కువే, బండిని నడపడానికి పనికొస్తుంది. దాదాపు అంతే భాగం పొగగొట్టం దారిన పోతుంది. మిగిలినదాంట్లో చాలా భాగాన్ని ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు మోసుకుపోయి రేడియేటర్ దగ్గర గాలికి వదిలేస్తాయి. ఆ నీళ్ల దారిలో ఒక చిన్న మజిలీ హీటర్.

అందుకే మీట ఎర్ర గుర్తు వైపు తిప్పినా చల్లగాలే వస్తోందంటే హీటర్ చెడిందని తేల్చేయకూడదు. నీళ్లు తగ్గి ఉండొచ్చు, తిరగడం మానేసి ఉండొచ్చు, వేడెక్కకుండానే తిరుగుతూ ఉండొచ్చు. లేదా నీళ్లు సవ్యంగానే ఉండి గాలి దారి తప్పి ఉండొచ్చు. హీటర్ గురించి ఫిర్యాదు వచ్చినప్పుడు మంచి మెకానిక్ చూసేది హీటరును కాదు, ఇంజనును. అతను చేసే పరీక్షలో పనిముట్టు కూడా పెద్దగా అక్కర్లేదు. అతని చెయ్యి చాలు. ఆ చేతికి అంత విషయం ఎలా తెలుస్తుందో అర్థం కావాలంటే ముందు నీళ్లు ఎలా నడుస్తాయో చూడాలి.

తెలుగు నేల మీద చాలామంది కార్లలో ఆ మీట ఏడాది పొడుగునా నీలం గుర్తు మీదే ఉండిపోతుంది. ఆదిలాబాద్ జిల్లాలో మాత్రం అలా కుదరదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ కొన్ని ఏళ్లు 5 డిగ్రీల కిందికి కూడా దిగుతుంది. లంబసింగి, అరకు వైపు కొండదారుల్లో తెల్లవారకముందే బయలుదేరేవాళ్లకూ హీటర్ అవసరమే. ఇక డెట్రాయిట్, చికాగో, మినియాపొలిస్ ఊళ్లలో స్థిరపడిన మనవాళ్లకు నవంబరు నుంచి మార్చి దాకా హీటర్ పనిచేయని కారు గడప దాటదు. అక్కడ అది సుఖం కోసం కాదు. ముందు అద్దం మీద మంచు కరిగి దారి కనబడాలంటే అదే దిక్కు.

తొలి రోజుల కార్లలో ఈ ఏర్పాటు మొరటుగానే ఉండేది. పొగగొట్టం చుట్టూ రేకు తొడిగి, దానికి తగిలి వేడెక్కిన గాలిని లోపలికి వదిలేవారు. గాలితో చల్లబడే ఇంజనున్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో చివరిదాకా అదే పద్ధతి నడిచింది. అందులో తిరిగే నీళ్లే లేవు కదా. వేడి నీళ్లతో, బయటి గాలితో పనిచేసే ఇప్పటి పద్ధతికి దగ్గరగా వచ్చింది అమెరికాలోని నాష్ కంపెనీ. 1938లో ఆ కంపెనీ బయటి గాలిని తీసుకుని, వడగట్టి, వేడి నీళ్లు పారే జాలీ గుండా పంపి, కారు లోపల ఒత్తిడి బయటికన్నా రవ్వంత ఎక్కువ ఉండేలా చూసింది. తలుపు సందుల్లోంచి చలిగాలి చొరబడకుండా లోపలి గాలే దాన్ని బయటికి నెడుతుందన్న లెక్క. మరుసటి ఏడాది దానికి థర్మోస్టాట్ జతచేసి ‘వెదర్ ఐ’ అని పేరు పెట్టారు. ఇవాళ మన కార్లలో ఉన్నది మౌలికంగా ఆ ఆలోచనే.

ఇక నీళ్ల దారి. నీళ్లు అని అలవాటుగా అంటున్నాను గానీ, ఉండాల్సింది కూలెంట్. అంటే నీళ్లలో ఇథిలీన్ గ్లైకాల్, తుప్పు పట్టకుండా కాపాడే మందులు కలిపిన ద్రవం. సగానికి సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. వాటర్ పంపు ఈ ద్రవాన్ని ఇంజను బ్లాకులోకి తోస్తుంది. సిలిండర్ల చుట్టూ ఉన్న సందుల్లోంచి అది పైకెక్కి, అన్నిటికన్నా వేడిగా ఉండే సిలిండర్ హెడ్‌లోకి చేరుతుంది. చాలా ఇంజన్లలో అక్కడే దారి చీలుతుంది. పెద్ద దారి రేడియేటరుకు. దానికి కాపలాగా థర్మోస్టాట్ అనే వాల్వు. వేలు లావున్న చిన్న దారి హీటరుకు. దానికి, ఇప్పటి చాలా కార్లలో, కాపలా లేదు. అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. హీటర్ లోంచి తిరిగొచ్చిన ద్రవం మళ్లీ పంపు నోట్లోకే పోతుంది.

ఈ ఏర్పాటులో ఎంత ముందుచూపు ఉందో చూడండి. పొద్దున ఇంజను తిప్పగానే థర్మోస్టాట్ మూసే ఉంటుంది. రేడియేటరుకు చుక్క కూడా పోదు. ఇంజనులో పుట్టిన వేడంతా ఇంజనులోనే నిలుస్తుంది, అందులో భాగం తీసుకోగలిగేది హీటర్ ఒక్కటే. ఇంజను చప్పున వేడెక్కడమూ, మనిషికి తొందరగా వెచ్చదనం అందడమూ ఒకే దారితో తీరాయి. తన అవసరం కన్నా వేడి మిగిలినప్పుడే ఇంజను రేడియేటర్ తలుపు తడుతుంది.

ఆ తలుపు తీసేది ఎవరన్నదే నాకు ఈ మొత్తంలో అత్యంత ఇష్టమైన విషయం. మోటారు లేదు, తీగ లేదు, కంప్యూటర్ ఆజ్ఞ లేదు. బొటనవేలంత ఇత్తడి గిన్నెలో మైనం ఉంటుంది. వేడి త్వరగా పాకడానికి అందులో రాగి పొడి లాంటిది కలుపుతారు. మైనం మధ్యలోకి ఒక రబ్బరు తొడుగు, ఆ తొడుగులో సన్నటి ఉక్కు కడ్డీ. కడ్డీ పై కొన వాల్వు చట్రానికి ఆనుకుని కదలకుండా ఉంటుంది. చలికాలం సీసాలో పేరిన కొబ్బరినూనె ఎండకు పెడితే కరిగి మట్టం పెరగడం చూసే ఉంటారు. మైనం ఇంకా ఎక్కువగా, కరిగేటప్పుడు పది నుంచి పదిహేను శాతం దాకా ఉబ్బుతుంది. గిన్నె గట్టిది, ఉబ్బడానికి చోటు లేదు. అది రబ్బరు తొడుగును నలిపేసరికి లోపలి కడ్డీ బయటికి జారాలి. కడ్డీ పై కొన కదలదు గనుక గిన్నే కిందికి జరుగుతుంది. గిన్నెకు అంటుకుని ఉన్న వాల్వు పళ్లెం దాంతోపాటు జరిగి దారి తెరుచుకుంటుంది. చల్లబడితే మైనం కుంచించుకుంటుంది, చుట్టూ ఉన్న స్ప్రింగు పళ్లేన్ని వెనక్కి నెట్టి దారి మూస్తుంది.

దీన్ని 1934లో సెర్జియస్ వెర్నే కనిపెట్టాడు. ఆ తర్వాత దీని వాడకం విస్తరించి, ఇవాళ ఎక్కడ చూసినా ఈ మైనపు గుళికే. అంతకుముందు వాడిన థర్మోస్టాట్లలో పలచటి లోహపు మడతల బుడ్డీలో త్వరగా ఆవిరయ్యే ద్రవం నింపేవారు. ఆ బుడ్డీ చుట్టూ నీళ్ల ఒత్తిడి మారితే అది తెరుచుకునే వేడి కూడా మారిపోయేది. మైనం ద్రవమైనా ఘనమైనా నలగదు కాబట్టి బయటి ఒత్తిడిని ఖాతరు చేయదు. కారు నీళ్ల వ్యవస్థ ఒత్తిడి మీద పనిచేసేది కనుక ఆ గుణం లేకపోతే పని జరగదు. రేడియేటర్ మూత సుమారు ఒక బారు అదనపు ఒత్తిడిని లోపల బిగించి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లయినా 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు.

వాల్వు అంచు మీద ఒక అంకె కొట్టి ఉంటుంది: 82 అనో, 88 అనో. అది తెరుచుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత. 82 అంకె ఉన్నది సుమారు 95 దగ్గర పూర్తిగా తెరుచుకుంటుంది. పళ్లెం జరిగేది 8, 10 మిల్లీమీటర్లే. అంచులో ఒక చిన్న చిల్లు, అందులో వదులుగా ఆడే పిన్ను కూడా చాలా వాల్వులకు ఉంటాయి. నీళ్లు నింపేటప్పుడు ఇరుక్కున్న గాలి ఆ చిల్లు గుండా పైకి తప్పించుకుంటుంది. పంపు తిరగడం మొదలయ్యాక నీళ్లు పిన్నును నెట్టి చిల్లు మూసేస్తాయి. ఒక పిన్ను, ఒక చిల్లు. అది వేసినవాడు ఎన్నడూ చూడని మెకానిక్ శ్రమను తలుచుకుని వేశాడు. బిగించేటప్పుడు ఆ పిన్ను పై వైపు ఉండేలా చూడాలి. గాలి చేరేది పైకే.

హీటర్ డబ్బా సంగతి ఇప్పుడు. డ్యాష్‌బోర్డు వెనక, కంటికి కనబడకుండా ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. ఒక చివర బ్లోవర్. తర్వాత ఏసీ చల్లదనమిచ్చే ఎవాపరేటర్. ఆ తర్వాత హీటర్ కోర్, అంటే మన రేడియేటరుకు బుల్లి రూపం. పలచటి అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య కాగితమంత పలుచగా మడతలు మడతలుగా పేర్చిన రేకులు. ఇంజనుకూ క్యాబినుకూ మధ్యనున్న రేకు గోడలోంచి రెండు పైపులు వచ్చి దీనికి కలుస్తాయి. ఒకటి వేడి నీళ్లు తెచ్చేది, ఒకటి తిరిగి తీసుకుపోయేది.

కోర్‌కు ముందు ఒక రెక్క ఉంటుంది. మనం తిప్పే ఎరుపు, నీలం మీట కదిపేది ఈ రెక్కనే. నీలం వైపు పెడితే రెక్క కోర్‌ను కప్పేస్తుంది, గాలి పక్కనుంచి పోతుంది. ఎరుపు వైపు పెడితే పక్క దారి మూసి గాలినంతా కోర్ గుండా తోస్తుంది. మధ్యలో పెడితే కొంత ఇటు, కొంత అటు పోయి ఆపైన కలుస్తాయి. అంటే మీట తిప్పినప్పుడు నీళ్ల వేడి మారదు, కలిసే గాలి పాలు మారుతుంది. పాత కార్లు కొన్నిటిలో నీళ్ల పైపు మీద కుళాయి పెట్టి వేడిని తగ్గించేవారు. అలా అయితే కోర్ చల్లారేదాకా, మళ్లీ కాగేదాకా ఆగాలి. గాలిని కలపడమైతే మీట కదిలిన క్షణంలోనే తెలుస్తుంది. ఎవాపరేటర్ ముందూ కోర్ వెనకా ఉండడంలో కూడా అర్థముంది. ఏసీ, హీటర్ రెండూ కలిపి వేస్తే గాలి ముందు చల్లబడి తడి వదిలేసుకుంటుంది, తర్వాత వేడెక్కుతుంది. పొడిగా, వెచ్చగా వచ్చిన ఆ గాలి అద్దం మీది పొగమంచును నిమిషాల్లో పీల్చేస్తుంది. వానాకాలం హైదరాబాదులోనైనా ఇది పనికొచ్చే సంగతే.

మొదట్లో చెప్పిన ఆ చేతి పరీక్షను ఆదిలాబాదులో ఒక చిన్న గ్యారేజీలో నేను దగ్గరనుంచి చూశాను. కారు యజమాని చెప్పింది ఒకటే: బ్లోవర్ గట్టిగానే కొడుతోంది, గాలి మాత్రం వెచ్చగా లేదు. మెకానిక్ పెద్దాయన బానెట్ ఎత్తి, ఇంజను చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీసి నీళ్ల మట్టం చూశాడు. వేడి మీద ఆ మూత ఎవరూ తీయకూడదు. ఒత్తిడి తగ్గిన మరుక్షణం లోపలి నీళ్లు ఆవిరై చేతి మీదికీ ముఖం మీదికీ చిమ్ముతాయి. రేడియేటర్ పక్కనున్న కూలెంట్ డబ్బా మట్టం చూసి తృప్తిపడడం ఆయనకు చాలదు. మూతలోని చిన్న కవాటం పాడైతే డబ్బా నిండుగానే కనబడుతుంది, రేడియేటర్ లోపల మాత్రం ఖాళీ. ఈ కారులో రెండూ నిండుగానే ఉన్నాయి. ఇంజను తిప్పి కాసేపు ఆగాడు. తర్వాత బెల్టుకూ ఫ్యానుకూ చెయ్యి దూరంగా ఉంచుకుని, రేకు గోడ దగ్గరి రెండు పైపులను ఒక్కో చేత్తో పట్టుకున్నాడు. పట్టుకోవడమంటే ఒక్క క్షణం తాకి తీయడమే. 85 డిగ్రీల పైపు చేతిని కాలుస్తుంది.

ఆ ఒక్క స్పర్శలో ఎంత ఉందో వివరంగా చెప్పాలి. రెండు పైపులూ కాలిపోతుంటే నీళ్లు వేడిగానే ఉన్నాయి, తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి ఇంజను వైపు వెతకడం మానేయొచ్చు. తప్పు రెక్కది, లేదా రెక్కను కదిపే తీగది, మోటారుది. ఒకటి కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే వేడి నీళ్లు కోర్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాయి. కోర్ పూడుకుపోయింది, లేదా లోపల గాలి ఇరుక్కుంది. కుళాయి ఉన్న బండి అయితే అది బిగుసుకుని ఉండొచ్చు. అంతా బాగున్న బండిలో కూడా రెండు పైపులూ ఒకేలా ఉండవు. కోర్ వేడి తీసుకుంటోంది గనుక తిరుగు పైపు కొంత తక్కువ వేడిగా ఉండాలి. ఆ ‘కొంత’ ఎంతో చేతికి అలవాటు కావాలి. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఆ పని చేసిపెడుతుంది. పెద్దాయన దగ్గర అది లేదు.

ఈ కారులో పైపులు రెండూ గోరువెచ్చగా ఉన్నాయి. రెండూ ఒకేలా. నీళ్లు తిరుగుతున్నాయి, కానీ కాగలేదు. ఆ కారులో చాలా చిన్న కార్లలోలాగే ఉష్ణోగ్రత ముల్లు లేదు, ఇంజను చల్లగా ఉన్నంతసేపు వెలిగే నీలం దీపం మాత్రమే ఉంది. ఆ దీపం ఎంతకీ ఆరడం లేదు. పెద్దాయన యజమాని వైపు తిరిగి అడిగాడు:

“సార్, పోయిన ఎండాకాలం బండి ఎక్కడన్న హీటయిందా?”

“అయింది. మంచిర్యాల పోయే తోవల. అక్కడే చూపించిన.”

“గప్పుడే వాల్వు తీసేసి ఉంటరు.”

రెండు బోల్టులు విప్పి మూత తీసేసరికి లోపల థర్మోస్టాట్ కూర్చోవాల్సిన గూడు ఖాళీగా ఉంది. రబ్బరు రింగు ఒక్కటే మిగిలింది.

ఇది మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు. మనది వేడి దేశం, చల్లబరిచే దారికి మళ్లీ తలుపెందుకు అన్న తర్కం. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఇంజను బయటి ఎండను బట్టి పనిచేయదు, తన లోపలి వేడిని బట్టి పనిచేస్తుంది. తొంభై డిగ్రీల దగ్గర ఉండాలని లెక్క వేసి దాని లోపలి సందులను, నూనె పలుచదనాన్ని, పెట్రోలు పాలును నిర్ణయించారు. వాల్వు లేకపోతే నీళ్లు పొద్దస్తమానం రేడియేటర్ గుండా పారుతూ ఇంజనును వేడెక్కనివ్వవు. ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. కాలని పెట్రోలు కొంత సిలిండర్ గోడల మీదుగా జారి నూనెలో కలుస్తుంది. మైలేజీ తగ్గుతుంది, అరుగుదల పెరుగుతుంది. స్కానర్ తగిలిస్తే ‘పి0128’ అనే కోడ్ కనబడొచ్చు. ఇంజను థర్మోస్టాట్ స్థాయికి చేరడం లేదని దాని అర్థం. ఇంత నేర్పుగా చేసిన వస్తువును చెత్తబుట్టలో పడేస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఎండాకాలం ఆ బండి వేడెక్కడానికి కారణం మూసుకుపోయి మొరాయించిన పాత వాల్వే అయినా, దాని స్థానంలో కొత్తది వేయడం పెద్ద ఖర్చేం కాదు.

కొత్త వాల్వు వచ్చాక పెద్దాయన దాన్ని నేరుగా బిగించలేదు. “అరే, దారం తే,” అని కుర్రాణ్ణి పిలిచాడు. వాల్వు పళ్లేన్ని బొటనవేలితో కాస్త నొక్కి, ఆ సందులో దారం పెట్టి వదిలాడు. స్ప్రింగు దారాన్ని కరిచి పట్టుకుంది. దారానికి వేలాడే వాల్వును స్టవ్ మీది గిన్నె నీళ్లలో, అడుగుకు తగలకుండా ముంచాడు. పక్కనే థర్మామీటర్. అడుగుకు తగిలితే మంట వేడి నేరుగా సోకి లెక్క తప్పుతుంది. నీళ్లు మెల్లగా కాగాయి. 80 దాటింది, ఏమీ కాలేదు. 82 దాటి కొంత పోయాక వాల్వు దారాన్ని వదిలేసి గిన్నె అడుగున పడింది. తెరుచుకోవడం ఎప్పుడు మొదలైందో కంటితో పట్టుకోవడం కష్టం, పళ్లెం అంత నెమ్మదిగా కదులుతుంది. దారం మాత్రం వెంట్రుకంత సందు రాగానే చెప్పేస్తుంది. నీళ్లు ఇంకా కాగనిచ్చి పూర్తిగా తెరుచుకున్న సందును స్కేలుతో కొలిచి, బయటికి తీసి చల్లారాక గట్టిగా మూసుకుందో లేదో వెలుతురుకు పెట్టి చూశాడు. అప్పుడు బిగించాడు, పిన్ను పైకి ఉండేలా.

నీళ్లు దించి మళ్లీ నింపిన బండిలో గాలి తప్పకుండా ఉంటుంది. దాన్ని తీయడం ఓపికతో కూడిన పని. చాలా కార్లలో హీటర్ కోర్ రేడియేటర్ మూత కన్నా ఎత్తులో ఉంటుంది, గాలి బుడగ పోయి అక్కడే కూర్చుంటుంది. దాన్ని పంపు నెట్టలేదు. పంపు నీళ్లను తోయగలదు, గాలిని కాదు. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద పెట్టి, హీటర్ మీట పూర్తిగా ఎరుపు వైపు తిప్పి, చల్లటి ఇంజనుకు మూత తీసి ఉంచి తిప్పుతారు. మట్టం తగ్గినకొద్దీ పోస్తూ, మధ్యలో పై పైపును నొక్కి వదులుతూ బుడగలను బయటికి రప్పిస్తారు. గాలి వదిలే స్క్రూ ఉంటే దాన్ని కాస్త వదులు చేసి, బుడగలు ఆగి సన్నటి ధార వచ్చాక బిగిస్తారు. నీళ్లు కాగి పొంగకముందే మూత పెట్టేస్తారు. రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజను నడిపి చూస్తారు. డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమని నీళ్లు దొర్లుతున్న చప్పుడు వినబడుతుంటే గాలి ఇంకా ఉన్నట్టే. బండి నిలబడి ఉంటే చల్లగాలి, యాక్సిలరేటర్ తొక్కితే వెచ్చటి గాలి వస్తున్నా ముందు అనుమానించాల్సింది దీన్నే. తర్వాత పంపు రెక్కలను.

గాలి తీసిన నాలుగు రోజులకే మళ్లీ చేరుతుంటే అది వేరే కథ, కాస్త భయపడాల్సిన కథ. నీళ్లు ఎక్కడో కారుతూ ఉండాలి, లేదా హెడ్ గ్యాస్కెట్ చీలి సిలిండర్‌లోని పొగ నీళ్లలోకి తన్నుతూ ఉండాలి. ముందు సీటు కింది తివాచీ తడిగా ఉన్నా, లోపల తియ్యటి వాసన వస్తున్నా, అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర పడుతున్నా కోర్ కారుతోందని అర్థం. ఇంజను వేడి ముల్లు పైకి పోతూ అదే సమయంలో హీటర్ చల్లబడితే మాత్రం ఆలోచించకుండా బండి పక్కకు ఆపి ఇంజను ఆర్పేయాలి. హీటరుకు అందేంత నీళ్లు కూడా ఇంజనులో లేవన్నమాట. నీళ్లు నిండుగా ఉన్న బండి ఘాట్ రోడ్డు మీద వేడెక్కుతుంటే హీటర్ పూర్తిగా తెరిచి నడపడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయం. అప్పుడు కోర్ రెండో రేడియేటర్ అవుతుంది.

ఒక పైపు వేడి, ఒకటి చల్లన అయిన బండ్లలో మన ప్రాంతంలో తరచు కనబడే దోషి బోరు నీళ్లు. కూలెంట్ తగ్గినప్పుడల్లా దొరికిన నీళ్లు పోస్తూ పోతే ఆ నీళ్లలోని సున్నం వేడి గోడలకు పేరుతుంది, తుప్పు మొదలవుతుంది. రేడియేటర్ గొట్టాలు కాస్త ఓర్చుకుంటాయి, కోర్ గొట్టాలు అంత సన్నవి కాబట్టి ముందు అవే పూడతాయి. కారడం ఆపుతుందని పోసే మందులూ, సరిపడని రెండు రకాల కూలెంట్లు కలిపినప్పుడు తయారయ్యే జిగురూ అక్కడే చేరతాయి. శుభ్రం చేయడానికి రెండు పైపులూ ఊడదీసి, తిరుగు పైపు వైపు నుంచి, అంటే నీళ్లు మామూలుగా పోయే దిశకు ఎదురుగా, తక్కువ ఒత్తిడితో నీళ్లు పెడతారు. వచ్చిన దారినే మడ్డి వెనక్కి పోవాలి. ఎక్కువ ఒత్తిడి పెడితే కోర్ అతుకులు విడిపోతాయి.

పైపులు ఊడదీసే తీరులోనే పనివాడు ఎలాంటివాడో తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు లోహానికి కరుచుకుపోయి ఉంటుంది. దాన్ని పట్టుకుని మెలితిప్పితే కోర్ నుంచి వచ్చే పలచటి అల్యూమినియం మూతి వంకరపోతుంది, లేదా మొదట్లోనే చిట్లుతుంది. అప్పుడు కోర్ మార్చాలి. కోర్ మార్చాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, అది ఒక పూటంతా, కొన్ని బండ్లకు రోజంతా పట్టే పని. తెలిసినవాడు మెలితిప్పడు. కొత్త పైపు ముందే తెప్పించుకుని, పాత పైపు చివరను బ్లేడుతో పొడుగునా చీల్చి, అరటి తొక్కలా విప్పేస్తాడు. బ్లేడు మొన లోహాన్ని గీకకుండా చివరి పొరను వేలితో చీలుస్తాడు. గీత పడితే కొత్త రబ్బరు కింద అక్కడినుంచే నీళ్లు కారతాయి.

రెండు పైపులూ కాలిపోతున్నా గాలి చల్లగా ఉన్న కార్లలో వెతకాల్సింది రెక్కను. పాత పద్ధతిలో మీట నుంచి ఒక ఉక్కు తీగ వెళ్లి రెక్కను లాగుతుంది. క్లిప్పు జారితే మీట తిరుగుతుంది, రెక్క కదలదు. కొత్త కార్లలో ఆ పని అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన మోటారు చేస్తుంది. లోపల ప్లాస్టిక్ పళ్ల చక్రాలు నాలుగైదు, రెక్క ఎక్కడుందో కంప్యూటరుకు తెలిపే చిన్న రెసిస్టర్ పట్టీ. పన్ను విరిగితే డ్యాష్‌బోర్డు లోపలినుంచి టిక్ టిక్‌మని ఆగకుండా చప్పుడొస్తుంది, విరిగిన చోట చక్రం జారుతూ ఉంటుంది. చప్పుడు లేకుండా బ్లోవర్ ఒక్క ఆఖరి స్పీడులోనే తిరుగుతుంటే రెసిస్టర్ కాలిపోయింది. ఆఖరి స్పీడుకు కరెంటు రెసిస్టర్ గుండా పోదు గనుక అది ఒక్కటే బతికి ఉంటుంది. ఆ రెసిస్టరును గాలి దారిలోనే పెట్టడం కూడా ఆలోచించి చేసిన పనే. తాను వేడెక్కే వస్తువును, తాను అదుపు చేసే గాలే చల్లబరుస్తుంది. గాలి వడగట్టే ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, బ్లోవర్‌లో ఎలుక గూడు పెట్టినా కోర్ ఎంత వేడిగా ఉన్నా లాభం లేదు. గ్లవ్ బాక్సు తీసి చూస్తే చాలా బండ్లలో తేలిపోయే సంగతి అది.

ఆదిలాబాద్ కారుకు ఇవేవీ అవసరం రాలేదు. వాల్వు బిగించి గాలి తీశాక నీలం దీపం కొద్ది నిమిషాల్లో ఆరింది. పెద్దాయన మళ్లీ రెండు పైపులూ తాకాడు, ఈసారి తిరుగు పైపు కాస్త తగ్గి ఉంది. థర్మామీటరును గాలి వచ్చే కంతలో పెట్టి చూశాడు. బాగున్న హీటర్ ఇచ్చే గాలి మామూలుగా 50 డిగ్రీలు దాటుతుంది, ఇదీ దాటింది. మర్నాడు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు రమ్మని యజమానికి చెప్పాడు. మిగిలిన గాలి రాత్రికి బయటికొచ్చి మట్టం కొంత దిగుతుందని, అప్పుడు అదే రకం కూలెంట్ పోసి క్లిప్పులు మరోసారి బిగించాలని.

ఇదంతా ఇంజను ఉన్న బండ్ల సంగతి. బ్యాటరీ కారులో పారేయడానికి అంత వేడి పుట్టదు, కాబట్టి అక్కడ వేడిని ప్రత్యేకంగా తయారు చేయాలి. చాలావాటిలో ఆ పని పీటీసీ హీటర్ చేస్తుంది: బేరియం టైటనేట్ అనే పింగాణీ లాంటి పదార్థపు బిళ్లలు. చల్లగా ఉన్నప్పుడు వాటి గుండా కరెంటు ధారాళంగా పోతుంది, బిళ్ల వేడెక్కుతుంది. ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దాటగానే ఆ పదార్థపు స్ఫటిక నిర్మాణం మారి దాని నిరోధం వేల రెట్లు పెరుగుతుంది, కరెంటు దానంతటదే తగ్గిపోతుంది. మైనపు గుళికలో లాగే ఇక్కడా పదార్థమే కాపలాదారు. అది ఏ వేడి దగ్గర మేలుకోవాలో కలిపే లవణాలను బట్టి ముందే నిర్ణయిస్తారు. ఇంకొన్ని కార్లలో ఏసీనే తిరగేసి నడిపే హీట్ పంపు ఉంటుంది, బయటి చలిగాలిలో మిగిలిన వేడిని పోగుచేసి లోపలికి తెస్తుంది. వీటిని పరీక్షించే పద్ధతులు వేరు. చేత్తో తాకి తెలుసుకునే పని కాదు. బానెట్ కింద నారింజ రంగు తీగలు కనబడితే అవి వందల వోల్టులు మోసేవి, వాటి జోలికి శిక్షణా, తగిన చేతొడుగులూ, మీటరూ ఉన్నవాళ్లే పోవాలి.